నాటకకర్త మరుగున పడి పాత్ర మాత్రమే మిగిలితే: పీటర్-డిర్క్ ఎయ్స్ గురించి ఒక ఫిర్యాదు

రంగస్థలి_77
మా నాటక సమాజంలో నెలకొకసారి ఒక విదేశీ నాటకకర్త గురించి మాట్లాడుకునే ఆనవాయితీ ఉంది. వచ్చే నెల వంతు నాది కాబట్టి దక్షిణాఫ్రికాకు చెందిన పీటర్-డిర్క్ ఎయ్స్‌ను ఎంచుకున్నాను. చదవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఒక బాధ నన్ను వదలడం లేదు.

ఎక్కడ చూసినా ఆయన ‘హాస్యనటుడు’, లేదా ‘ఆడవేషం వేసే వ్యంగ్యకారుడు’. ఎవీటా బెజేదెన్‌హౌట్ అనే ఆయన సృష్టించిన పాత్ర ఫొటో ముందుంటుంది, ఆయన పేరు ఆ తరువాత వస్తుంది. 1970లలో ఆయన కేప్‌టౌన్‌లో, డచ్చి నుంచి పుట్టిన అక్కడి భాష ఆఫ్రికాన్స్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ వరుసగా నాటకాలు రాశారు. ‘సెల్లె ఔ స్టోరీ’, ‘కార్నావాల్’ వంటివి సెన్సారు నిషేధానికి గురయ్యాయి. ‘డీ ఫాన్ ఆర్డెస్ ఫాన్ ఖ్రోటోర్’ ఆఫ్రికానర్ల (ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవారి) పొలం కుటుంబ గాథలనూ, వాటిని కన్నీళ్లతో వినిపించిన రేడియో ధారావాహికలనూ అనుకరిస్తూ నవ్వించిన నాటకం. 1977 నాటి ‘పారడైజ్ ఈజ్ క్లోజింగ్ డౌన్’లో ముగ్గురు శ్వేతజాతి స్త్రీల భయమూ ఒంటరితనమూ కనిపిస్తాయి. ఇంత పని చేసిన మనిషిని ఒక విగ్గుకూ ఒక లిప్‌స్టిక్‌కూ కుదించడం నాకు అన్యాయంగా తోస్తున్నది.

నా ప్రశ్న ఇది. ఈ మరుపుకు కారణం లోకమా, ఆయనేనా? 1981 తరువాత ఏకపాత్ర ప్రదర్శనల వైపు మళ్లి, నాటకకర్తగా తన స్థానాన్ని ఆయనే వదులుకున్నారా?

పాతపుస్తకాలు
జవాబుకు ముందు కొన్ని వివరాలు పెడుతున్నాను, మీ ప్రసంగానికి పనికివస్తాయి. ఆయన 1945 సెప్టెంబరు 28న కేప్‌టౌన్‌లో పుట్టారు. తండ్రి హానెస్ ఎయ్స్ ఆఫ్రికానర్, చర్చిలో ఆర్గన్ వాయించే సంగీతజ్ఞుడు. తల్లి హెల్గా బాసెల్ బెర్లిన్‌లో పుట్టిన పియానో కళాకారిణి. అక్షరాలను చూసి ‘ఉయిస్’ అని పలకకండి. మీరు రాసినట్లు ‘ఎయ్స్’ అన్నదే అసలు ఉచ్చారణకు దగ్గర. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో నాటకం చదివి, లండన్‌లో సినిమా చదువు ముగించుకుని, 1970ల తొలి ఏళ్లలో తిరిగివచ్చారు.

అక్షరప్రియ
రంగస్థలి గారి బాధ అర్థమైంది కాని, ఆ ప్రశ్నలో ఒక అన్యాయం దాగి ఉంది. ఏకపాత్ర ప్రదర్శన నాటకం కాదని ఎవరు నిర్ణయించారు? 1981లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో మొదలైన ‘అడాప్ట్ ఆర్ డై’ను తీసుకోండి. 1979లో ప్రధాని పి. డబ్ల్యు. బోటా తన జాతివారిని ‘మారండి, లేదా చావండి’ అని హెచ్చరించాడు. ఎయ్స్ ఆ మాటలో ఒక్క అక్షరం మార్చి, చావును రంగు వేసుకోవడంగా చేశారు. ఇంగ్లిష్‌లో రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. మనసు మార్చుకోకుండా పైపైన రంగు వేసుకుని కొనసాగిన ప్రభుత్వం మీద రాసిన విమర్శ అంతా ఆ శీర్షికలోనే ఉన్నది. శీర్షిక దగ్గరే ఇంత పని చేయగల వాడు రచయిత కాకపోతే మరెవరు రచయిత?

పైగా ఆయన మామూలు నాటకాలు మానలేదు. ‘పనోరమా’ 1987 నాటిది. రాజకీయ ఖైదీల జైలున్న రాబెన్ ద్వీపంలో కాపురముండే ఇద్దరు శ్వేతజాతి ఉపాధ్యాయినుల కథ అది. జైలు పక్కనే బతుకుతూ జైలును చూడకుండా ఉండడం ఎలా సాధ్యమన్నది అందులోని ప్రశ్న.

తెరవెనుక
నేను ఇరవై ఏళ్లు నాటకాలకు డబ్బు సమకూర్చే పని చేశాను కాబట్టి ఈ విషయాన్ని నిర్మాత వైపు నుంచి చూస్తాను. ఎయ్స్ ఏకపాత్రకు మళ్లడం కళాపరమైన నిర్ణయం మాత్రమే కాదు, లెక్కల నిర్ణయం కూడా.

ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ ధనంతో నడిచే ప్రదర్శన కళామండళ్లు ఉండేవి. 1960ల ఆరంభంలో ప్రాంతానికొకటి చొప్పున నాలుగింటిని ఏర్పరిచారు. ఆఫ్రికాన్స్ నాటకానికి మంచి వేదిక, జీతం తీసుకునే నటులు, దుస్తుల విభాగం అన్నీ వాటి దగ్గరే ఉండేవి. అయితే ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే నాటకం ఆ గుమ్మం దాటేది కాదు. బార్తో స్మిట్ వంటి పేరున్న ఆఫ్రికాన్స్ నాటకకర్తకే తన నాటకాలు వేదిక ఎక్కడం కష్టమైంది. కాబట్టి ఎయ్స్ మొదటి నుంచీ బయటివాడు.

ఆయనకు ఆశ్రయమిచ్చింది స్పేస్ థియేటర్. 1972లో బ్రయన్ ఆస్ట్‌బరీ, నటి ఇవాన్ బ్రైస్‌లాండ్, నాటకకర్త అథాల్ ఫ్యూగార్డ్ కలిసి కేప్‌టౌన్‌లో ఒక పాత గిడ్డంగిని నాటకశాలగా మార్చారు. తెల్లవారూ నల్లవారూ ఒకే హాలులో కూర్చోవడం చట్టవిరుద్ధమైన కాలంలో, క్లబ్బు సభ్యత్వం పేరుతో అందరినీ కూర్చోబెట్టారు. అక్కడ ఎయ్స్ రాశారు, దర్శకత్వం వహించారు, అవసరమైతే నటించారు. ప్రభుత్వ సహాయం లేదు. నిషేధం వచ్చిన రోజున అమ్మిన టిక్కెట్ల డబ్బు వెనక్కి ఇవ్వాలి, నటుల జీతాలు మాత్రం ఆపకూడదు.

ఎనిమిదిమంది నటులున్న నాటకాన్ని నిషేధిస్తే ఎనిమిది కుటుంబాల పొయ్యి ఆరిపోతుంది. ఒక మనిషి, కొన్ని అట్టపెట్టెలు, వాటిలో టోపీలు, విగ్గులు, కళ్లజోళ్లు ఉన్న ప్రదర్శనను నిషేధించినా ఆ మనిషి రేపు మరో ఊరిలో మరో పేరుతో మొదలుపెట్టగలడు. నా దృష్టిలో ‘అడాప్ట్ ఆర్ డై’ ఒక గొప్ప నిర్మాత ఆలోచన. తన నాటకాన్ని సెన్సారు పట్టుకోలేనంత తేలికగా చేసుకున్నాడు.

నాటకపిచ్చి
ఆ అట్టపెట్టెల సంగతి నన్ను ఆకట్టుకుంది. మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే లోపల మగవాడున్నాడని ప్రేక్షకులు మరిచిపోయేవారట. ఎయ్స్ చేసింది అందుకు పూర్తిగా విరుద్ధం కదా? ప్రేక్షకుల ముందే విగ్గు పెట్టుకోవడం, ముందే తీసివేయడం.

అక్షరప్రియ
అవును. బోటా టోపీ పెట్టుకుని, పెదవులు తడుపుకుంటూ, చూపుడు వేలు ఆడించి, ఆ మరుక్షణం టోపీ తీసి మామూలు మనిషై నిలబడతారు. దేశాన్ని భయపెడుతున్న అధికారం ఒక టోపీ, ఒక వేలు మాత్రమేనని అర్థమైన ప్రేక్షకుడు ఇంటికి వెళ్లాక టీవీలో అసలు బోటాను చూసినా నవ్వే వస్తుంది.

నిశితం
మీ అందరి అభిమానానికి అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఒక విషయం ఎవరూ అనడం లేదు. బోటాను వేదిక మీద వెక్కిరించిన మనిషి ఒక్కరోజు కూడా జైలుకు వెళ్లకుండా ప్రదర్శనలు కొనసాగించగలిగాడంటే, అందుకు చర్మం రంగు ఒక కారణం కాదా? అదే పని ఒక నల్లజాతి నాటకకర్త చేసి ఉంటే ఏమయ్యేది? 1977లో నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. ఆ కాలంలోనే ఎయ్స్ నాటకాలు నిషేధానికి గురయ్యాయి. కాగితం మీద పడిన నిషేధాన్నీ ఒంటి మీద పడిన దెబ్బనూ ఒకే గాటన కట్టకూడదు.

ఇంకొకటి. ఆ ప్రదర్శనలకు టిక్కెట్టు కొని వచ్చినవారిలో ఎక్కువమంది తెల్లవారే. రెండు గంటలు నవ్వి, మనసు తేలికపడి, ఇంటికి వెళ్లి అదే ప్రభుత్వానికి ఓటు వేసేవారు. అటువంటి నవ్వు ప్రభుత్వానికి ఉపకారమే చేసి ఉండవచ్చు.

డర్బన్_తెలుగు
నిశితం గారు చెప్పినదానికి మా ఊరి నుంచే ఒక సాక్ష్యం ఉంది. మా ముత్తాత చెరకు తోటల్లో కూలి ఒప్పందం మీద మద్రాసు రేవు నుంచి నటాల్ వచ్చారు. మా ఇంట్లో నాలుగో తరానికి కూడా కొంచెం తెలుగు మిగిలిందంటే 1931లో ఇక్కడ ఏర్పడిన ఆంధ్ర మహాసభ పుణ్యమే.

1970లలో డర్బన్‌లోని భారతీయ యువకులు కొందరు నటాల్ థియేటర్ కౌన్సిల్ పేరుతో నాటకాలు వేసేవారు. వారిలో స్ట్రినీ మూడ్లీ, సాథ్స్ కూపర్ ఇద్దరూ నల్లజాతి చైతన్య ఉద్యమంలో ఉన్నారు. 1975, 1976లలో తొమ్మిదిమంది మీద ఉగ్రవాద చట్టం కింద నడిచిన విచారణలో ఈ ఇద్దరూ ముద్దాయిలు. ఉద్యమంవారి ప్రసంగాలతోపాటు వారు వేసిన నాటకాలు, చదివిన కవితలు కూడా ఆ విచారణలో సాక్ష్యాలయ్యాయి. వారిని రాబెన్ ద్వీపానికి పంపారు. నాటకం వేయడం మనిషిని జైలుకు పంపగల దేశంలో ఎయ్స్ బయట ఉన్నారన్నది నిజం.

అయినా మా ఇంట్లో ఎవీటాను ఇష్టపడ్డాం. అందుకు కారణం తీరిక దొరికినప్పుడు రాస్తాను.

పాతపుస్తకాలు
ఎవీటా ఎవరో తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఆమె మొదట వేదిక మీద పుట్టలేదు, పత్రికలో పుట్టింది. 1970ల చివర ‘సండే ఎక్స్‌ప్రెస్’ పత్రికలో ఎయ్స్ వారం వారం ఒక శీర్షిక రాసేవారు. ప్రభుత్వ సమాచార శాఖ రహస్య నిధుల కుంభకోణం బయటపడుతున్న రోజులవి. నేరుగా రాయలేని సంగతులను రాజధాని ప్రిటోరియా విందుల్లో తిరిగే ఒక పెద్దింటి ఆఫ్రికానర్ స్త్రీ నోట చెప్పించారు. ఆమే తరువాత ఎవీటా అయింది.

ఆమె జీవితచరిత్ర మొత్తం కల్పితం, కాని చాలా పకడ్బందీగా అల్లినది. పుట్టినప్పటి పేరు ఎవాంజెలీ పొగ్గెన్‌పూల్, పుట్టినది 1935లో బెత్లెహెం అనే ఊరిలో. ఊరు నిజమైనదే. పెద్దయ్యాక బపెటికొస్వెటి అనే నల్లజాతి ‘స్వదేశానికి’ దక్షిణాఫ్రికా రాయబారి అయింది. ఒక కొడుకు పేరు ఇజాన్. ఆ పేరును రోమన్ అక్షరాల్లో వెనక నుంచి చదివితే ‘నాజీ’ అని వస్తుంది. కూతురు నల్లజాతి యువకుణ్ణి పెళ్లి చేసుకుంటుంది, ఎవీటాకు మనవలందరూ నల్లవారే. 1990లో వచ్చిన ఆమె జీవితచరిత్రకు పెట్టిన పేరు ‘ఎ పార్ట్ హేట్, ఎ పార్ట్ లవ్’. కొంత ద్వేషం, కొంత ప్రేమ అని అర్థం. మొదటి సగం పైకి చదివితే ‘అపార్ట్‌హైట్’ (అక్కడి జాతి వేర్పాటు విధానం పేరు) అని వినిపిస్తుంది.

రంగస్థలి_77
‘స్వదేశానికి రాయబారి’ అన్నది నాకు అందలేదు. దేశం లోపలి ప్రాంతానికి రాయబారి ఎందుకు?

డర్బన్_తెలుగు
ఆ హాస్యం మొత్తం అక్కడే ఉంది. 1976లో ట్రాన్‌స్కై, 1977లో బోఫుతత్స్వానా, 1979లో వెండా, 1981లో సిస్కై స్వతంత్ర దేశాలయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. నల్లవారిని సొంత దేశంలోనే విదేశీయులుగా చేయడానికి వేసిన ఎత్తు అది. ప్రపంచంలో మరే దేశమూ వాటిని గుర్తించలేదు. అయినా జెండాలు, గీతాలు, రాయబార కార్యాలయాలు అన్నీ పెట్టారు. ఎయ్స్ చేసినదల్లా ఆ అబద్ధాన్ని నిజమని నమ్మి, గంభీరంగా అందులో ఉద్యోగం చేసే ఒక స్త్రీని సృష్టించడమే.

ఇప్పుడు మా ఇంటి కారణం చెబుతాను. 1983 నవంబరులో తెల్లవారు ఓటు వేసి ఒక కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించారు. దాని ప్రకారం తెల్లవారికి ఒక సభ, మిశ్రమజాతివారికి ఒకటి, భారతీయులకు ఒకటి. దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవారికి ఏమీ లేదు. 1984 ఆగస్టులో మా సభకు ఎన్నికలు జరిగితే, నమోదైన భారతీయ ఓటర్లలో సుమారు అయిదో వంతు మాత్రమే ఓటు వేశారు. మా నాన్న వేయలేదు. మా బంధువు ఒకరు పోటీ చేశారు. రెండేళ్లపాటు వారితో మాకు మాటలు లేవు, పెళ్లికి పిలుపులు లేవు.

ఆ సమయంలో ఎవరో ‘అడాప్ట్ ఆర్ డై’ వీడియో క్యాసెట్ తెచ్చారు. ఎవీటా మర్యాదగా, చిరునవ్వుతో, మనందరి మేలు కోసమే ఇదంతా చేస్తున్నామని చెబుతుంటే మా అమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మాతో అలా మాట్లాడే దొరసానులను ఆమె ముప్పై ఏళ్లు చూసింది. ఆ గొంతు ఎలా ఉంటుందో మాకు మాత్రమే తెలుసు అనుకున్నాం. వారిలోనే ఒకడు దానిని విని, పట్టుకుని, అందరి ముందూ పెట్టాడు. కాబట్టి ఆ నవ్వు తెల్లవారికి మాత్రమే ఉపశమనమిచ్చిందంటే నేను ఒప్పుకోను.

నిశితం
ఇటువంటి అనుభవానికి ఎదురు వాదించే హక్కు నాకు లేదు. రంగు ఇచ్చిన రక్షణ గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తెరవెనుక
తీసుకోనక్కరలేదు. ఆ రక్షణ తనకుందని ఎయ్స్‌కు తెలుసు. ఉన్నదానిని దాచుకోకుండా ఖర్చు పెట్టాడా లేదా అన్నదే చూడాలి. 1985 ఆగస్టు 15న డర్బన్‌లో బోటా చేసిన ‘రూబికాన్’ ప్రసంగం ప్రపంచమంతా ఎదురుచూసిన సంస్కరణలను ఇవ్వలేదు. దేశం అత్యవసర పరిస్థితిలో ఉంది, పత్రికల నోరు నొక్కారు. మరుసటి ఏడాదే ఎయ్స్ ‘బియాండ్ ద రూబికాన్’ అన్న ప్రదర్శనతో ఊరూరూ తిరిగారు. తన మాటలన్నీ రాజకీయ నాయకులే రాసి ఇస్తున్నారనీ, అందుకు వారికి కట్టే పన్నును రాయల్టీగా భావిస్తాననీ ఆయన చెప్పుకునేవారు. సెన్సారు బోర్డును తన ప్రచార విభాగంగా మార్చుకున్నారు. బోర్డు పంపిన ఉత్తరాలను వేదిక మీద చదివితే, వాటికి వేరే హాస్యం చేర్చవలసిన పనే ఉండేది కాదు.

కేప్‌టౌన్_వాసి
ఆలస్యంగా చూశాను. డార్లింగ్‌కు మూడుసార్లు వెళ్లినవాడిని కనుక ఒక సంగతి చేర్చాలి.

కేప్‌టౌన్‌కు ఉత్తరంగా కారులో గంటకు పైగా వెళితే గోధుమ పొలాల మధ్య డార్లింగ్ అనే చిన్న ఊరు వస్తుంది. 1996లో ఎయ్స్ అక్కడి పాత రైల్వే స్టేషన్‌ను నాటకశాలగా మార్చి ‘ఎవీటా సే పెరోన్’ అని పేరు పెట్టారు. ఆఫ్రికాన్స్‌లో ‘పెరోన్’ అంటే ప్లాట్‌ఫారం, కనుక పేరు అక్షరాలా ‘ఎవీటా ప్లాట్‌ఫారం’. అర్జెంటీనా ఎవీటా పెరోన్ కూడా అందులో వినిపిస్తుంది. తోటకు ‘బోర్’ (ఆఫ్రికానర్), ‘జురాసిక్ పార్క్’ కలిపి ‘బోరాసిక్ పార్క్’ అని పేరు, అందులో పాతకాలపు నాయకుల బొమ్మలు పెట్టారు. కూలదోసి పారవేయవలసిన విగ్రహాలను ఇలా పూలమొక్కల మధ్య నిలబెట్టడం నాకు చాలా నచ్చింది.

రెండోసారి వెళ్లినప్పుడు నా పక్కన ఒక వృద్ధ ఆఫ్రికానర్ దంపతులు కూర్చున్నారు. ఎవీటా వేదిక మీదకు రాగానే ఆ పెద్దాయన గౌరవంగా లేచి నిలబడ్డారు. నాకు ఒళ్లు జలదరించింది. ఆమె మగవాడని, కల్పితమని, తమను చూసి నవ్వుతున్నదని ఆయనకు తెలుసు. అయినా ఆమె వారి మనిషి. ఇంటి పేరు తెలుసు, వంటలు తెలుసు, ప్రార్థన తెలుసు.

రంగస్థలి గారు పాత్ర రచయితను మింగివేసిందని బాధపడుతున్నారు. నేను మాత్రం ఇలా చూస్తాను: ఒక రచయిత తన భాషవారి ఇళ్లలోకి, వారి భోజనాల బల్ల దాకా, తలుపు తట్టకుండా వెళ్లగల మనిషిని సృష్టించాడు. ఆయన సొంత పేరుతో వెళ్లి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

అక్షరప్రియ
కేప్‌టౌన్_వాసి గారు భాష దగ్గరికి తెచ్చారు కనుక ఒక మాట. ఆఫ్రికాన్స్‌లో పెద్దవారిని ‘తన్నీ’, ‘ఓమ్’ అంటారు. బంధుత్వం ఉన్నా లేకపోయినా మనం అత్తయ్యా, బాబాయ్ అన్నట్లే. దేశమంతా ఆమెను ‘తన్నీ ఎవీటా’ అనే పిలుస్తుంది. ఆ ఒక్క వరుసతో ఆమె పరాయిది కాకుండా పోయింది.

ఆ భాష గురించి కూడా చెప్పాలి. 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవారి వాడ సొవెటో పిల్లలు వీధికెక్కింది పాఠశాలల్లో సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చదవాలన్న ఆజ్ఞకు వ్యతిరేకంగా. అప్పటి నుంచి ప్రపంచానికి అది అణచివేత భాష. కాని అదే భాషను కేప్ ముస్లింలు అరబ్బీ లిపిలో రాసుకున్నారు; మిశ్రమజాతి ప్రజలలో ఎక్కువమందికి నేటికీ అది తల్లిభాష. ‘సెల్లె ఔ స్టోరీ’ అంటే ‘అదే పాత కథ’. అందులోని మనుషులు శుద్ధ ఆఫ్రికాన్స్ మాట్లాడరు, ఇంగ్లిష్ కలిపి, తిట్లు కలిపి, ఇంట్లో మాట్లాడుకున్నట్లు మాట్లాడతారు. సెన్సారువారికి రాజకీయం ఎంత కంటగింపో ఈ మైల పడిన భాష కూడా అంతే కంటగింపు అయిందని నా నమ్మకం. పవిత్రమని కాపాడుకుంటున్న భాషను ఒక ఆఫ్రికానరే వంటగదిలోకి, వీధిలోకి తిరిగి తెచ్చాడు.

పాతపుస్తకాలు
భాషతోపాటు తల్లి కథ కూడా కలుస్తుంది. హెల్గా బాసెల్ యూదురాలు. 1935లో నాజీల సంగీత సంస్థ ఆమెను బహిష్కరించింది, ఆ తరువాత ఆమె దక్షిణాఫ్రికాకు వలస వచ్చారు. 1969లో ఆమె తన ప్రాణం తానే తీసుకున్నారు. తల్లి యూదురాలన్న సంగతి కొడుకుకూ, పియానో కళాకారిణి అయిన కూతురు టెస్సాకూ ఆమె పోయిన తరువాతే తెలిసింది. ఒక జాతివాద రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన తల్లి, మరో జాతివాద రాజ్యంలో తెల్లవారి మధ్య తెల్ల పిల్లలను పెంచింది. ఎవీటా కొడుకు పేరును తిరగేసి చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. అక్కడ నవ్వు ఆగిపోతుంది.

హెల్గా వాయించిన బ్లూట్నర్ కంపెనీ పియానో ఇప్పుడు బెర్లిన్‌లోని యూదు మ్యూజియంలో ఉంది. ‘ది ఎకో ఆఫ్ ఎ నాయిస్’ అన్న ప్రదర్శనలో ఎయ్స్ విగ్గు లేకుండా, వేషం లేకుండా, నల్లని దుస్తులతో ఒక ఎత్తు స్టూలు మీద కూర్చుని తన తల్లిదండ్రుల కథ చెబుతారు. రంగస్థలి గారూ, మీరు వెతుకుతున్న నాటకకర్త మీకు అక్కడ దొరుకుతాడు.

నిశితం
1994లో తెల్లవారి పాలన పోయిన తరువాత ఏమైంది? శత్రువు పోయాక వ్యంగ్యకారుడికి పని ఉండదని ఒక అభిప్రాయం ఉంది.

తెరవెనుక
పని పెరిగింది. 1994లో ‘ఫనిగలోర్’ అనే టీవీ కార్యక్రమంలో ఎవీటా కొత్త నాయకులను ఇంటర్వ్యూ చేసింది, మండేలా కూడా వచ్చారు. 1999 ఎన్నికలకు ముందు ఓటు విలువ చెప్పడానికి బస్సులో దేశం తిరిగారు.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆ తరువాతి దశ. అధ్యక్షుడు థాబో ఎంబెకి హెచ్ఐవి వల్లే ఎయిడ్స్ వస్తుందన్న విషయాన్నే ప్రశ్నిస్తూ, మందుల సరఫరాకు అడ్డుపడిన కాలం అది. ఎయ్స్ పాఠశాలలకు వెళ్లడం మొదలుపెట్టారు. వందల పాఠశాలల్లో పిల్లల ముందు నిలబడి, కండోమ్ ఎలా వాడాలో నవ్విస్తూ, సిగ్గు పోగొడుతూ చెప్పారు. టిక్కెట్టు లేదు. 1981లో సెన్సారు నుంచి తప్పించుకోవడానికి కనిపెట్టిన ఒక మనిషి, కొన్ని పెట్టెలు అన్న పద్ధతే ఇక్కడ పనికివచ్చింది. కరెంటు లేని బడిలో కూడా ఆ ప్రదర్శన నడుస్తుంది. పాత ప్రభుత్వాన్ని విమర్శించి, కొత్త ప్రభుత్వం దగ్గర మౌనంగా ఉండి ఉంటే నిశితం గారి అనుమానం నిజమయ్యేది.

నిశితం
ఇది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

నాటకపిచ్చి
ఆఫ్రికాన్స్‌లో రాస్తూ తన నాటకాలను తానే నిర్మించుకున్నవారు ఇంకెవరైనా ఉన్నారా, లేక ఈయన ఒక్కరేనా?

తెరవెనుక
డియోన్ ఓపర్‌మన్‌ను చూడండి. ఆయన దారి దాదాపు వ్యతిరేకం. 1996 నాటి ‘డోంకర్‌లాంట్’ ఒకే పొలం మీద తరతరాలుగా బతికిన ఒక ఆఫ్రికానర్ కుటుంబం గురించిన పెద్ద నాటకం. తరువాత టీవీ ధారావాహికగా కూడా వచ్చింది. ఆయన పెద్ద తారాగణంతో, సంగీత నాటకాలతో జనాన్ని రప్పించిన నిర్మాత. 1995లో ఔట్స్‌హోర్న్ ఊరిలో మొదలైన ఆఫ్రికాన్స్ కళోత్సవం ఇటువంటివారికి కొత్త అంగడి అయింది. అధికారం పోయాక, ప్రభుత్వ మండళ్ల డబ్బు తగ్గాక, ఆఫ్రికాన్స్ నాటకం మొదటిసారి తన ప్రేక్షకులను తానే వెతుక్కోవలసి వచ్చింది. ఎయ్స్ ఆ పని ఇరవై ఏళ్ల ముందే చేసి ఉన్నారు.

అక్షరప్రియ
‘ఖ్రోటోర్’ను హేళన చేసిన చోటనే ‘డోంకర్‌లాంట్’ కన్నీళ్లు పెట్టిస్తుంది. రెండూ పొలం కథలే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడితే మంచి ప్రసంగం అవుతుంది.

రంగస్థలి_77
అందరికీ రుణపడి ఉన్నాను. ఆయన నాటకాన్ని వదలలేదని ఒప్పుకుంటున్నాను. కాని నా బాధ సగం మిగిలే ఉంది. ‘కార్నావాల్’ను ఇవాళ ఎవరు ఆడుతున్నారు? ఎయ్స్ లేకుండా ఎవీటా నడవదు, ఎవీటా లేకుండా ఎయ్స్ పాత నాటకాలను ఎవరూ తీయడం లేదు. రచయిత పోయినా మరొకరు ఆడగలిగితేనే నాటకం బతికినట్లు అని మా గురువుగారు చెప్పేవారు.

తెరవెనుక
అది నిజమైన కష్టమే. దానికి నా దగ్గర సమాధానం లేదు. తేలికగా ఉండడం కోసం ఆయన చెల్లించిన ధర అదే కావచ్చు.

కేప్‌టౌన్_వాసి
‘పనోరమా’ ముద్రిత ప్రతి ఇక్కడి పాత పుస్తకాల దుకాణాల్లో అప్పుడప్పుడు దొరుకుతుంది. వెతికి పంపుతాను. అందులో పాత్రలు తక్కువ, ఒకే ఇల్లు, మీ సమాజం చదువుకోవడానికి అనువుగా ఉంటుంది.

రంగస్థలి_77
పంపండి. అయితే ప్రసంగం కాకుండా, అందులో ఒక రంగాన్ని తెలుగులోకి తెచ్చి మా వాళ్లచేత చదివిస్తాను. ఇద్దరు ఉపాధ్యాయినుల పాత్రలకు మనుషులు ఇప్పటికే మనసులో ఉన్నారు.

డర్బన్_తెలుగు
చదివేటప్పుడు ఒక విషయం గమనించండి. ఆ ద్వీపంలోని టీచర్లు పక్కనే ఉన్న ఖైదీల గురించి మాట్లాడేటప్పుడు కోపంతో కాదు, చాలా మర్యాదగా మాట్లాడాలి. కోపంగా చదివితే ఆ రంగం చెడిపోతుంది. అనువాదం పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, మా అమ్మకు వినిపిస్తాను.